మబ్బుగట్టు మూడో సాక్షి

స్వాతి కార్తె. పొద్దున దట్టంగా మంచు. పై వరస వలలు బాగా కారాయి. కింది వరస పొడి.

మంచును పట్టి నీళ్ళు రాల్చే మా వలల్లో కింది వరస ఈ కార్తెలో ఒక్క చుక్క ఇవ్వలేదు. మంచు ఏటికేడాది కొండ పైకి జరుగుతోంది. నిరుడు నడి వరస దాకా దిగేది. ఇప్పుడు పై వరసే తడుస్తోంది. ఇలాగే పోతే ఒకనాటికి మన కొండను ముట్టుకోకుండానే దాటిపోతుంది. అప్పుడు కింద శిబిరం జనం ఏం తాగుతారు? అక్కడ బావులన్నీ ఉప్పే.

ఈ ఆలోచన నాది కాదు. ఉరుకుందమ్మది. మూడేళ్ళుగా నాతో కలిసి వలలు చూస్తున్న పిల్ల. కర్నూలు వైపు మనిషి. పెద్ద చదువు చదివి వచ్చింది. మంచు ఎందుకు పైకి పోతోందో తేల్చడానికి డాక్టరేటు చేస్తానంటుంది. నాది అయిదో తరగతి. ఈ వలల కేంద్రంవాళ్ళు రోజు వివరం చేత్తోనే రాయాలన్నారు కాబట్టి రాస్తున్నాను. యంత్రం రాసినదాన్ని ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు.

మంచు వలలు నాకు కొత్త కాదు. సముద్రం ఒడ్డున మా ఊరు చినమొగలో నాన్న చేపల వలలు అల్లేవాడు. అదే ముడి. చేప బదులు మబ్బు పడుతుంది, అంతే. వాసన ఒక్కటే తేడా. ఆ వాసన కోసం ఇప్పటికీ కొత్త దారం ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఉండదు.

మధ్యాహ్నం ఉరుకుందమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"తాతా, పీఠభూమి విద్యాలయం గూడా మూసేసిరంట!"

"మొన్ననే మూసేసినారన్నావు గదే?"

"మొన్న మూసింది కోన విద్యాలయం. రెండిట్లోనూ నా దరఖాస్తు ఉన్నింది."

తీగ బండి నడిపే మౌలాలి అప్పుడే కింద నుంచి సరుకులతో వచ్చాడు. కొండకూ శిబిరానికీ మధ్య మాకున్న దారి అతని బండి ఒక్కటే. వార్తలు కూడా దాంట్లోనే వస్తాయి.

"నువ్వు దరఖాస్తు పెట్టిన చోటల్లా తాళం పడుతోందమ్మాయ్," అన్నాడు. "ఈసారి ఎక్కడ పెట్టావో చెప్పు, వాళ్ళకి ముందే కబురు పంపుతాను."

"నీ నోట్లో మన్నుబడ! ఇంగ మెట్ట విశ్వవిద్యాలయం ఒక్కటే మిగిలింది."

అని, తర్వాత నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. ఈ ఏడాదే ఆఖరట. వచ్చే ఏటి నుంచి పరిశోధనకు ఎవరినీ తీసుకోరట. ఆ ఒక్కటీ పోతే ఇక చదువు లేదు.

చేతిలో ఉన్న ముడి బిగించాను.


విశాఖ కార్తె. పలచటి మంచు. గాలి. నడి వరసలో రెండు వలలు చిరిగాయి, కుట్టాను.

మెట్ట విశ్వవిద్యాలయం వాళ్ళకు కాగితాలు అక్కర్లేదట. ఉత్తరాలు అసలే అక్కర్లేదట. ఎవరి గురించైనా యంత్రం ఎంత గొప్ప ఉత్తరమైనా రాసిపెడుతుంది కదా. అందుకని ముగ్గురు మనుషులు కావాలి. వాళ్ళు తెర ముందు కూర్చుని, చూసి చదవకుండా, ఎవరూ నేర్పకుండా, నోటితో చెప్పాలి. నోటి సాక్షి అంటారు. చదివి చెబితే అవతల ఉన్న పరికరం పట్టేస్తుందట.

ఇద్దరు చెప్పేశారు. ఒకరు ఆ పిల్లకు పాఠం చెప్పిన మాస్టారు. ఇంకొకరు శిబిరం నీళ్ళ అధికారి. మూడో సాక్షి పక్కన నిలబడి పనిచేసిన మనిషి అయి ఉండాలి.

"నువ్వే తాతా," అంది ఉరుకుందమ్మ.

నేను వల వెనక్కి పోయాను.

"అట్ల దాక్కుంటే ఎట్ల? కనపడతానే ఉండావు."

"నానేటి మాటాడతానే? నా పెళ్ళినాడు పంతులుగారు గోత్రం అడిగితే మా మావ సెప్పినాడు."

"నీ పెండ్లి అయింది గదా మళ్ళ! ఆగలేదు గదా!"

మౌలాలి పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. సరే అన్నాను.

చినమొగ బడి గుర్తొచ్చింది. ఇసుక మీదే బడి. పలక కొనలేనివాళ్ళం ఇసుకలో రాసేవాళ్ళం. మా మాస్టారు సన్యాసిరాజుగారు నన్ను ఎక్కం చెప్పమని లేపేవారు. వచ్చు. కానీ నోరు తెరుచుకునేది కాదు. ఆయన కోప్పడేవారు కాదు. "సరే, రాసి చూపించు," అనేవారు. నేను కూర్చుని ఇసుకలో రాసేవాణ్ణి. పడవలు ఒడ్డుకొచ్చే వేళ ఆయనే పాఠం ఆపేసి సంచీ పట్టుకుని చేపలకు పోయేవారు. మేం వెనకాల. ఆ సంచీకి ఎప్పుడూ ఒక చెవే ఉండేది. రెండోది తెగిపోయింది. ఆయనకు వెళ్ళిన చేపలు నాన్న ఇచ్చినవే, ఎక్కువసార్లు. డబ్బు తీసుకోమంటే నాన్న సముద్రం వైపు చూస్తూ నిలబడేవాడు. మా ఇంట్లో మగవాళ్ళకెవరికీ మాటలు లేవు.

పెళ్ళయ్యాక ఇద్దరి మాటలూ సత్తెమ్మే మాట్లాడేది. అది పోయాక నా వాటా మాటలు కూడా అదే తీసుకుపోయిందనుకున్నాను.


అనూరాధ కార్తె. మంచు బాగుంది. నీళ్ళు శిబిరానికి సరిపోయాయి.

ఇవాళ సాక్ష్యం చెప్పాను.

కేంద్రం గదిలో తెర. తెర మీద ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ పెద్దావిడ, ఆచార్య రుక్మాంబగారు. తల నెరిసింది. నెమ్మదిగా మాట్లాడుతుంది. ఉరుకుందమ్మను లోపలికి రానివ్వలేదు. అది నియమం.

"దానయ్యగారూ, ఉరుకుందమ్మ పని గురించి మీ మాటల్లో చెప్పండి," అన్నారు.

ఆ పిల్ల దూరం పోతోంది. నా సాక్ష్యంతోనే పోతుంది. అంటే ఇది గట్టు మీద నిలబడి సాగనంపడంతో సమానం. మా చినమొగలో వేటకు పోయేవాణ్ణి ఎవరూ పొగిడేవారు కాదు. తిట్టేవారు. ఎంత ప్రేమ ఉంటే అన్ని తిట్లు. ఆ ఊరు విడిచి వేరే రేవుకు చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. "తెడ్డు పట్టడం రాని మొగుడు నాకు దొరికాడు, సూడండర్రా," అని సత్తెమ్మ గట్టంతా వినపడేలా అరిచేది. పొగిడితే సముద్రం వింటుందని మా నమ్మకం. ఇంత మంచివాడా అని తనే ఉంచేసుకుంటుంది. తిరిగి రానివాళ్ళనే పొగుడుతారు మావాళ్ళు.

అందుకని ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను.

"ఆ పిల్లగుంటకి ఓపిక నేదమ్మా. ముడి ఎయ్యడం రాదు, సూపించిందే సూపించాల. అడిగిందే పదిసార్లు అడుగుద్ది. వలలో పిట్ట సిక్కితే వలే కోసేస్తది. అన్నం మాడ్సేస్తది."

పక్కన కూర్చున్న కుర్ర ఆచార్యుడు దగ్గాడు.

"ఆమెలో మంచి విషయం ఏదైనా ఉందా?" అన్నారు రుక్మాంబగారు.

"నేదమ్మా," అన్నాను గట్టిగా. "ఏటీ నేదు."

బయటికొచ్చాక ఒళ్ళంతా చెమట. కానీ తృప్తిగా ఉంది. ఇంత మాట ఒక్కసారి నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఎట్ల చెప్పినావు తాతా?" అంది ఉరుకుందమ్మ.

"బాగా సెప్పినాను," అన్నాను.


జ్యేష్ఠ కార్తె. మంచు లేదు. వలలన్నీ పొడి.

మెట్ట నుంచి కబురు వచ్చింది. ఇద్దరు సాక్షులు ఒకటి చెబితే మూడో సాక్షి దానికి పూర్తిగా ఎదురు చెప్పాడట. ఇలా ఎప్పుడూ జరగలేదట. మూల కార్తెలో ఆ సాక్షిని ఇంకొక్కసారి వింటారట. అప్పుడూ అదే మాట అయితే దరఖాస్తు కొట్టేస్తారు.

ఉరుకుందమ్మ కబురు చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

"ఏం జెప్పినావు తాతా?"

చెప్పినవన్నీ చెప్పాను. అన్నం సంగతి కూడా.

"నేను నీకేం అన్యాయం చేసినా?" అంది. అరిచినా బాగుండేది. అరవలేదు.

"అది కాదే గుంటా. మా ఊర్లో ఎల్లీవోలని పొగడకూడదు. పొగిడితే..."

"మీ ఊరు నీళ్ళల్లో ఉంది తాతా. నేనింకా గట్టు మీదే ఉండాను."

అని పై వరసకు వెళ్ళిపోయింది. ఆ మాట నిజం. చినమొగ మునిగి యాభై ఏళ్ళు దాటింది.

తర్వాత రోజుల్లో పని పక్కపక్కనే చేశాం. దారం కావాలంటే చెయ్యి చాపేది. ఇచ్చేవాణ్ణి. పొద్దున్నే వచ్చి "తాతా, ఈ పొద్దు మంచు ఎట్లుంది?" అని అడిగేది కదా రోజూ. అడగడం మానేసింది. మంచూ మానేసింది. శిబిరంలో నీళ్ళ బారు పెద్దదైంది.

మౌలాలి నా పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు.

"ఏం తాతా, ఆ పిల్ల మీద నీకేం పగ?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. గట్టు సంగతి, తిట్ల సంగతి, సత్తెమ్మ సంగతి చెప్పాను. బీడీ అయిపోయింది. అతను నవ్వలేదు.

"మా అమ్మ అయితే మేం బయల్దేరేటప్పుడు ఏడ్చేది," అన్నాడు. "ఒక్కో ఊరికి ఒక్కో రోగం. మరి ఈసారేం చేస్తావు?"

తెలియదన్నాను.


జ్యేష్ఠ కార్తె ఆఖరు. సాయంత్రం కొంచెం మంచు.

చినమొగ వదిలిన రోజు ఇవాళంతా కళ్ళ ముందే ఉంది.

అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయి. సముద్రం ఇళ్ళ గడపల దాకా వచ్చేసింది. పడవల్లో బయల్దేరాం. కొన్నాళ్ళకే అన్నారు. నీళ్ళు తగ్గగానే వచ్చేద్దామన్నారు. నేను నమ్మాను.

మా నాయనమ్మ పోలమ్మ ఆ ఊరిని ఒక్కనాడూ మెచ్చుకోలేదు. అన్నంలో ఇసుక, నూతిలో ఉప్పు, గాలికి ఆరని బట్ట, ఇదీ దాని పాట. ఆ రోజు పడవలో కూర్చుని మెల్లగా అంది. "మా నూతి నీళ్ళు ఎంత తియ్యనో."

పక్క పడవలోంచి ఇంకొకామె అంది, అలాంటి ఇసుక ఎక్కడా దొరకదని. ఇంకొకరు తాటి ముంజెలన్నారు. ఇంకొకరు రేవులో రాత్రిపూట కనపడే దీపాలన్నారు. అన్ని పడవల్లోనూ ఊరిని పొగుడుతున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఇక రామని.

నాన్న ఒక్కడే పొగడలేదు. ఎప్పుడూ మాట్లాడని మనిషి, తెడ్డు వేస్తూ ఊరిని తిడుతూనే ఉన్నాడు. దరిద్రపు ఊరన్నాడు. దిక్కుమాలిన రేవన్నాడు. గొంతు పోయేదాకా తిట్టాడు.

అయినా మేం తిరిగి వెళ్ళలేదు.

ఇన్నేళ్ళూ నాయనమ్మ మాటే గుర్తు పెట్టుకున్నాను. నాన్న తిట్లు గుర్తు పెట్టుకోలేదు. ఇవాళ వల కుడుతుంటే వినపడ్డాయి.

ఉరుకుందమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. మౌలాలి చెప్పేసి ఉంటాడు, అతని కడుపులో మాట నిలవదు.

"పొగిడితే ఏమైతాది తాతా?" అంది.

"తిరిగి రారు."

చాలాసేపు దారం చివర పళ్ళతో కొరుకుతూ కూర్చుంది.

"నిజంగానా? నమ్ముతావా నువ్వు?"

"ఏమో మరి."

"అట్లయితే నీకు తోచినట్లు చెప్పు," అంది. "నేను అడగను."

అడగనంది కానీ లేవలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. ఆ పిల్ల వేసిన ముడి ఒకటి నా ఒళ్ళో ఉన్న వలలో ఉంది. వదులుగానే ఉంది. విప్పి మళ్ళీ వేయాలి. వేయలేదు.


మూల కార్తె. తెల్లవారుజాము నుంచి ముసురు, మంచు. పై వరస కారుతోంది.

మళ్ళీ అదే గది. అదే ముగ్గురు. ఉరుకుందమ్మ వలల దగ్గరికి వెళ్ళిపోయింది.

"దానయ్యగారూ, మొన్న మీరు చెప్పినవి అబద్ధాలా?" అన్నారు రుక్మాంబగారు.

"నిజమేనమ్మా."

"మరి ఇవాళ ఏం చెబుతారు?"

కిటికీలోంచి తెల్లగా మంచు తప్ప ఏమీ కనపడటం లేదు. వాళ్ళు తొందరపెట్టలేదు.

"నిరుడు ఆ గుంట శిబిరంలో అందరికీ సెప్పిందమ్మా, వెనకున్న అడివి కొట్టీడం వల్లే మంచు పైకి పోతందని. అందరూ నమ్మినారు. నానూ నమ్మినాను. తరవాత దాని నెక్కే తప్పని దానికే తెలిసింది. ఇంకెవలికీ తెలీదు. ఊరుకుంటే అయిపోను. ఊరుకోలేదు. కిందకి దిగి నీళ్ళ బారు పక్కన నిలబడి, బిందెలట్టుకున్నోల్లకి ఒక్కొక్కలికీ సెప్పింది. నాను సెప్పింది తప్పు, ఎందుకో ఇంకా తెలీదు అని. నవ్వినారు. ఒకామె తిట్టింది కూడా. అన్నీ పడి, కొండెక్కొచ్చి మళ్ళీ మొదటికాడి నుంచి మొదలెట్టింది."

కుర్ర ఆచార్యుడు ముందుకు వంగాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

"నాను మాటాడీవోణ్ణి కాదమ్మా. ఏదైనా అడిగితే సెప్పడానికి నాకు సానా సేపు పడద్ది. అందరూ ఎల్లిపోతారు. ఈ గుంట రోజూ పొద్దున్నే వొచ్చి మంచు ఎట్లుందని అడుగుద్ది. నాను సెప్పీదాకా నిలబడద్ది. వాన పడినా నిలబడద్ది. నా ఆడది పోయాక నా మాట కోసం ఆగినోలు మరి నేరు."

"మొన్న ఓపిక లేదన్నారు కదా?"

"వల కాడ నేదమ్మా. మనిసి కాడ ఉంది."

రుక్మాంబగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి మొన్న ఎందుకలా చెప్పారు?"

"మాం అలగే సాగనంపుతామమ్మా. తిరిగి రావాలని," అన్నాను.

"ఈ రోజు?"

"ఈ రోజు ఎల్లనిస్తన్నాను."

"మొన్నవీ, ఇవాళవీ, రెండూ రాసుకుంటున్నాను దానయ్యగారూ," అన్నారు. తెర ఆరిపోయింది.

పై వరసకు వెళ్ళాను. ఉరుకుందమ్మ అడగలేదు. అడగనన్న మాట నిలబెట్టుకుంది. తడిసిన వల ఒక అంచు తను పట్టుకుంటే రెండో అంచు నేను పట్టుకున్నాను. పిండాం.


పూర్వాషాఢ కార్తె. ఎండ. కింది వరస వలలు విప్పి పై వరసకు మార్చాం.

సీటు వచ్చింది.

కబురు మౌలాలి తెచ్చాడు. బండి దిగకుండానే కేకలు పెట్టాడు. "ఓ అమ్మాయ్! ఇంకా మూయలేదంట! త్వరగా పో!"

ఉరుకుందమ్మ కాగితం చదివి కింద కూలబడి ఏడ్చింది. తర్వాత నవ్వింది. కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. ఒక్క ఏడాదికే హామీ ఇస్తారట. ఆ తర్వాత విశ్వవిద్యాలయం ఉంటుందో ఉండదో చెప్పలేరట. ఉంటే, చదువు అయ్యాక నీళ్ళు లేని చోట ఎక్కడికంటే అక్కడికి పంపుతారు.

"మరి ఎల్తావేటి?"

"పోతా తాతా. ఉన్నన్నాళ్ళు చదువుతా. మూసేస్తే మూసేసిన కాడికి చదివినట్టు."

ఇవాళ బయల్దేరింది. కేంద్రంలో అందరూ వచ్చారు. తలా ఒక మంచి మాట చెప్పారు. వాళ్ళకు మా పట్టింపు లేదు. బండి ఎక్కి తలుపు పట్టుకుని నా వైపు చూసింది.

"ఒక్క తిట్టు తిట్టు తాతా."

వెతికాను. ముడి గురించి అందామనుకున్నాను. అన్నం గురించి అందామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. బండి కదిలింది. మంచు లేదు కాబట్టి చాలా దూరం కనపడింది. ఆ పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. తిట్టలేకపోయాను.


ఉత్తరాషాఢ కార్తె. పొద్దున మంచు. పై వరస ఫరవాలేదు.

రోజూ పొద్దున్నే పై వరస చివర నిలబడతాను. మంచు ఎలా ఉందో ఎవరూ అడగరు. నాలో నేనే చెప్పుకుంటాను. పలచగా ఉందిరా. ఇవాళ దట్టంగా ఉంది.

మొన్న గొట్టాలు బాగుచేసే మనిషి వచ్చాడు. ఇక్కడ ఒకమ్మాయి ఉండేది కదా అన్నాడు. ఉండేదన్నాను. అక్కడితో ఆగాల్సినవాణ్ణే. ఆగలేదు. నీళ్ళ బారు సంగతి చెప్పాను. పిట్ట కాలికి చిక్కిన దారం తీయడానికి ఆ పిల్ల పెట్టిన తంటాలు చెప్పాను. అతను పనిముట్లు సర్దుకున్నాక కూడా చెబుతూనే ఉన్నాను. అక్కడి నుంచి ఎలా వెళ్ళానో, చినమొగ రేవు దాకా వెళ్ళిపోయాను. నాన్న అల్లే వలలు, సన్యాసిరాజు మాస్టారి సంచీ, తర్వాతి రేవులో సత్తెమ్మ కేకలు. ఇన్నాళ్ళూ ఒక్కరికీ చెప్పనివి. చెబుతుంటే అన్నీ కనపడుతున్నాయి, ఇసుకతో సహా. ఒకసారి పొగిడాక ఇక భయపడటానికి ఏముంది?

మధ్యాహ్నం మౌలాలి సరుకులు దించి తిరిగి బయల్దేరబోయాడు. మెట్ట నుంచి ఏమైనా కబురుందా అన్నాను. ఇంకా రాలేదన్నాడు. సరే, టీ తాగి వెళ్ళమన్నాను. తాగాడు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"చాలు తాతా, బండి వేళ దాటిపోయింది. నువ్విట్లా మాట్లాడతావని తెలిస్తే ముందే వచ్చేవాణ్ణి. కింద జనం నా కోసం చూస్తుంటారు."

"సూడనీ. కూకో," అన్నాను. "ఇంకొక్కటి సెప్పి ఒగ్గేస్తాను. ఓపాలి ఆ గుంట ఏటి సేసిందంటే..."

మౌలాలి బండికి తాళం వేసి వచ్చి కూర్చున్నాడు.